నీడకంటే ముందు నీరు

కోవిల్‌పట్టి నుంచి తూత్తుకుడి సముద్రం సుమారు 60 కిలోమీటర్లు. విరుదునగర్ వాళ్ళు దానికి ఇంకో యాభై కలుపుకోవాలి. తెల్లవారుజామున వ్యాన్ ఎక్కితే టిఫిన్ వేళకల్లా ఉప్పుగాలి తగులుతుంది. అంత దగ్గర. అయినా ఈ ప్రాంతపు మనసులో సముద్రానికి పెద్దగా చోటు లేదు. ఇది కరిసల్ నేల, మన మాటలో నల్లరేగడి. పత్తి, మినుములు, మిరప పండించుకుంటూ వానకోసం ఆకాశంకేసి చూసే మెట్ట. కొన్ని వందల ఏళ్ళ కింద తెలుగు కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చి అడవి నరికి ఊళ్ళు కట్టుకున్న కథను కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్ ఆయన సొంతూరు, ఆయన ఇంటి భాష తెలుగు. ఈ నేలమీద నీళ్ళంటే బావి, చెరువు, ఐప్పసి నెల వాన. విరుదునగర్ జిల్లాకైతే సముద్రతీరమే లేదు. అందుకే పిల్లలకు సెలవులిచ్చి, నాలుగు కుటుంబాలు కలిసి ‘సముద్రానికి వెళ్దాం’ అనుకున్నప్పుడు అడిగే ప్రశ్నలన్నీ నేలమీది ప్రశ్నలే. ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా, గదిలోంచి సముద్రం కనిపిస్తుందా, మనకు తినదగిన భోజనం దొరుకుతుందా? అన్నీ అడగవలసినవే. కానీ వాటిలో నీటి గురించి ఒక్కటీ లేదు. సముద్రపు విహారానికి చోటు ఎంచుకునేటప్పుడు ముందు నీటిని ఎంచుకోవాలి, ఆ తర్వాతే నీడను. ఇదే ఈ వ్యాసం చెప్పదలచుకున్నది.

ఇలా ఎంచుకోవడం ఎంత ముఖ్యమో తెలియాలంటే, సముద్ర విహారాన్ని పెద్ద వ్యాపారంగా మార్చిన చోటికి ఒకసారి వెళ్ళి రావాలి. కరీబియన్ దీవుల్లో ‘బీచ్ క్లబ్’ అనే ఏర్పాటు ఉంది. రోజుకు ఇంత అని రుసుము కడితే గొడుగు, పడక కుర్చీ, మంచినీటి షవరు, భోజనం, కొన్నిచోట్ల ఈతకొలను కూడా ఇస్తారు. ఓడల్లో వచ్చి ఒక్కపూట దిగే యాత్రికులకు అది బాగా నచ్చుతుంది. మెక్సికోకు చెందిన కొజుమెల్ దీవిలో ఈ క్లబ్బులు వరసగా కనిపిస్తాయి. ఆ దీవి పటం చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పేరున్న క్లబ్బులు దాదాపు అన్నీ పడమటి ఒడ్డునే ఉన్నాయి. తూర్పు ఒడ్డు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, కాని అక్కడ అలలు విరుచుకుపడతాయి, లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. కారణం గాలి. ఆ సముద్రంమీద ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పునుంచే వీస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డు దెబ్బలు తింటుంది, దీవి చాటున ఉన్న ఒడ్డు నిమ్మళంగా ఉంటుంది. బార్బడోస్‌లోనూ ఇంతే: పెద్ద హోటళ్ళు పడమటి తీరాన ఉన్నాయి, తూర్పు తీరాన బాత్‌షెబా దగ్గర అలలపై స్వారీ చేసేవాళ్ళు ఉన్నారు. 2011 నుంచి సర్గాసమ్ అనే సముద్రపు నాచు లక్షల టన్నుల్లో కొట్టుకొచ్చి కరీబియన్ తీరాలమీద కుళ్ళుతోంది. దాన్ని మోసుకొచ్చేదీ గాలీ ప్రవాహాలే కాబట్టి ఎక్కువ దెబ్బ తగిలేదీ గాలికి ఎదురొడ్డిన తీరాలకే. ఆ నాచు గుట్టల మధ్య పడక కుర్చీ ఎంత మెత్తగా ఉన్నా ఉపయోగం లేదు. అనుభవమున్న యాత్రికులు అక్కడ ముందు దీవికి ఏ వైపు అని చూసి, ఆ తర్వాత క్లబ్బు పేరు చూస్తారు.

మనకు ఆ క్లబ్బులు లేవు. అయితే కరీబియన్ దీవుల్లో లేని వింత ఒకటి మన దగ్గర ఉంది. అక్కడ గాలి ఏడాది పొడవునా దాదాపు ఒకే దిక్కునుంచి వస్తుంది కనుక మంచి ఒడ్డు ఎప్పుడూ మంచిదే. ఇక్కడ గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మారుతుంది, దానితో పాటు మంచి ఒడ్డూ మారుతుంది. రామేశ్వరం దీవి దీనికి తిరుగులేని సాక్ష్యం. ధనుష్కోటి వైపు సాగిన ఆ సన్నని ఇసుక నాలుకకు ఒక పక్క పాక్ అఖాతం, మరో పక్క మన్నార్ సింధుశాఖ. అక్కడివాళ్ళు మొదటిదాన్ని ఆడ సముద్రం అని, రెండోదాన్ని మగ సముద్రం అని పిలుస్తారు. మామూలుగా మొదటిది శాంతంగా, రెండోది ఉగ్రంగా ఉంటుందని ఆ పేర్లు. కాని ఆ శాంతం ఏడాది పొడవునా నిలవదు. నైరుతి రుతుపవనాలు వీచే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన్నార్ వైపు అలలు లేస్తాయి, పాక్ వైపు సద్దుమణుగుతుంది. ఈశాన్య గాలి మొదలైన అక్టోబరు తర్వాత పాక్ వైపు చెలరేగుతుంది. 1964 డిసెంబరులో ధనుష్కోటిని తుడిచిపెట్టిన తుఫాను వచ్చిందీ ఆ కాలంలోనే. రెండు సముద్రాల మధ్య నడక దూరమే ఉన్నా, ఏ నెలలో వెళ్ళారన్నదాన్నిబట్టి పిల్లల్ని దింపదగిన వైపు వేరవుతుంది.

గాలి సంగతి కరిసల్ మనిషికి కొత్త కాదు. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళ సామెత. జూలై, ఆగస్టు నెలల్లో పడమటి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చే ఆ గాలికోసమే కయత్తార్ చుట్టుపక్కల గాలిమరలు పెట్టారు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి వెళ్ళే జాతీయ రహదారిమీద, కట్టబొమ్మన్‌ను 1799లో ఉరితీసిన ఆ ఊరి దగ్గర, బస్సు కిటికీలోంచే అవి కనిపిస్తాయి. ఈ పరిచితమైన గాలికి సముద్రం దగ్గర ఒక అపరిచితమైన గుణం ఉంది. పడమటి గాలి తూత్తుకుడి ఒడ్డుకు చేరేసరికి భూమి మీదినుంచి నీళ్ళమీదికి వీస్తుంది. అందువల్ల ఒడ్డు పక్కన నీరు చదునుగా, చెరువులా కనిపించవచ్చు. ఆ చదును చూసి పిల్లలకు గాలి నింపిన రబ్బరు ట్యూబులు, బొమ్మ పడవలు ఇస్తారు. గాలి వాటిని నెమ్మదిగా లోపలికి నెడుతుంది. పట్టుకోవడానికి తండ్రి వెనకాల ఈదుతాడు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలికి ఎదురీదాలి. అలలు లేవు కనుక అపాయం లేదనుకోవడం చెరువు నేర్పిన పాఠం. చెరువులో అది నిజమే, సముద్రంలో కాదు. ఆడి గాలి రోజుల్లో తూత్తుకుడి పక్కన ఇసుకమీద ఆడుకోవచ్చు, మోకాళ్ళ లోతున నిలబడవచ్చు. తేలే వస్తువులను మాత్రం ఇంటి దగ్గరే వదిలి రావాలి.

ఇక మన వ్యాన్లు వెళ్ళే చోట్లనే నీటి లెక్కన చూద్దాం. తూత్తుకుడి రేవు పక్కనున్న ముయల్ తీవు, అంటే కుందేలు దీవి, కాణుమ్ పొంగల్ రోజున కిటకిటలాడుతుంది. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా ఒడ్డుకు కొన్ని కిలోమీటర్ల దూరంలో 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో వాటిని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. లోపలినుంచి వచ్చే అలల బలాన్ని ఈ దిబ్బలు ముందే విరిచేస్తాయి. తూత్తుకుడికి ఉత్తరాన ఉన్న తీరంలో అంత పెద్ద అలలు కనిపించకపోవడానికి అదొక ముఖ్య కారణం. దక్షిణానికి వెళ్ళేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. కన్యాకుమారి చేరేసరికి సముద్రానికీ మనకూ మధ్య ఏ అడ్డూ ఉండదు. బండరాళ్ళు, సుడులు, అన్ని దిక్కులనుంచీ వచ్చే అలలు. సూర్యోదయం చూడ్డానికి, వివేకానంద శిలకు పడవలో వెళ్ళడానికి అది గొప్ప చోటు. స్నానానికి మాత్రం అక్కడ ప్రత్యేకంగా కట్టిన ఘట్టం దాటి కాలు పెట్టకూడదు. తిరుచెందూరుకు దక్షిణాన ఉన్న మనప్పాడు ఒక్కటే రెండు పాఠాలూ చెబుతుంది. 1581లో కట్టిన పవిత్ర శిలువ చర్చి ఉన్న కొండకు ఒక పక్క అలలపై స్వారీ నేర్చుకునేవాళ్ళు వచ్చేంత ఎత్తున అలలు లేస్తాయి, మరో పక్క ఇసుక నాలుక చాటున ఏటి నీరు కదలకుండా నిలుస్తుంది. ‘మనప్పాడు మంచి బీచేనా’ అని అడిగితే జవాబు లేదు. ఏ పక్క, ఏ నెల, ఎవరికోసం అని అడిగితే ఉంది.

తిరుచెందూరు గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కోవిల్‌పట్టి, విరుదునగర్ వాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే. అక్కడికి వెళ్ళేది విహారానికి కాదు, సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి. సముద్ర స్నానం, ఆ తర్వాత నాళికిణరు అనే మంచినీటి బావి దగ్గర స్నానం, ఆపైన దర్శనం. ఇది క్రమం. ‘దేవుడు అక్కడున్నాడు కాబట్టి అక్కడే మునుగుతాం, ఒడ్డును ఎంచుకునే ప్రశ్న ఎక్కడిది?’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. చోటు ఎంచుకోలేకపోవచ్చు, కాని వేళను, లోతును ఎంచుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో ఇక్కడ సముద్రం చాలా అడుగులు వెనక్కి తగ్గి, పాచి పట్టిన రాళ్ళు బయటపడటం తరచు జరిగేదే. జనం ఆ రాళ్ళమీదికి నడిచి ఫొటోలు తీసుకుంటారు. వెనక్కి వెళ్ళిన నీరు తిరిగి వస్తుంది, పాచి రాయిమీద కాలు నిలవదు. దర్శనానికి ఎక్కువమంది వచ్చేదీ ఆ తిథుల్లోనే. నడుము లోతు దాటకుండా, పదిమంది ఉన్నచోటే, కాపలా సిబ్బంది కనుచూపులో మునిగితే మొక్కుకు ఏ లోటూ రాదు. స్కంద షష్ఠి రోజుల్లో జనం పోటెత్తినప్పుడు ముసలివాళ్ళకు, చిన్నపిల్లలకు చెంబుతో సముద్రపు నీళ్ళు తలమీద పోసినా స్నానమే.

నీటిని ముందు చూడాలన్న మాటకు 2024 మే 6న కన్యాకుమారి జిల్లా గణపతిపురం దగ్గరి లెమూర్ బీచ్‌లో జరిగిన దుర్ఘటన కన్నా బలమైన సాక్ష్యం లేదు. వైద్య విద్య చదువుతున్న అయిదుగురు యువతీ యువకులు అక్కడ అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. ఆ రోజు తుఫాను లేదు. ఎండాకాలం, అగ్ని నక్షత్రపు రోజులు. అలలకు కారణం వేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన వీచిన పెనుగాలులు. అక్కడ పుట్టిన పొడవైన అలలు రోజుల తరబడి ప్రయాణించి, ఇక్కడి గాలితో సంబంధం లేకుండా ఒడ్డుకు వచ్చి లేస్తాయి. మలయాళ మత్స్యకారులు దీన్ని ‘కళ్ళక్కడల్’ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. చెప్పకుండా వస్తుంది కాబట్టి ఆ పేరు. 2012లో యునెస్కో కూడా ఆ మాటనే శాస్త్రీయ పదంగా స్వీకరించింది. కాని ఆ రోజున అది చెప్పకుండా రాలేదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ, అంతకు ముందే హెచ్చరిక ఇచ్చింది. ఉపగ్రహాలు, సముద్రంలో తేలే బోయలు, కంప్యూటరు లెక్కలు కలిసి పసిగట్టిన ఆ సమాచారం బీచ్‌కు వచ్చినవాళ్ళ చెవికి చేరలేదు. ఈ అలలు ఎక్కువగా వచ్చేది నైరుతి రుతుపవనాలకు ముందు నెలల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మేలలో. మన బడులకు వేసవి సెలవులు ఇచ్చేదీ అప్పుడే. దక్షిణ దిక్కుకు తెరుచుకుని ఉన్న తీరాన్ని ఆ నెలల్లో ఎంచుకునేవాళ్ళు ముందురోజు రాత్రి ఇన్‌కాయిస్ సూచన చూడకుండా వ్యాన్ ఎక్కకూడదు. అది వాళ్ళ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఉచితం.

‘మేం ఈదం, ఒడ్డున కాళ్ళు తడుపుకుంటాం, అంతే’ అనేవాళ్ళే మనలో ఎక్కువ. వాళ్ళకిదంతా ఎందుకు అనిపించవచ్చు. సముద్రం బలితీసుకునేవాళ్ళలో ఈతకు దిగనివాళ్ళు కూడా ఉన్నారు. ఒడ్డున నిలబడినవారిని పడగొట్టడానికి మామూలు కన్నా పెద్దదైన అల ఒక్కటి చాలు. మోకాలి లోతు నీరు ఆ క్షణంలో ఛాతీదాకా వస్తుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింది ఇసుకను కూడా తీసుకుపోతుంది. ఇంకొకటి, ఒడ్డునుంచి లోపలికి లాగే ఇరుకైన ప్రవాహం. రిప్ కరెంట్ అంటారు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రాణాలు తీసేది చాలావరకు ఇదే. ఒడ్డుకు చేరిన అలల నీరు తిరిగి వెళ్ళడానికి ఇసుక దిబ్బల మధ్య సందు వెతుక్కుంటుంది. ఆ సందులో అల విరగదు, నురగ ఉండదు, నీరు కాస్త ముదురు రంగులో నిశ్చలంగా కనిపిస్తుంది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ప్రశాంతంగా ఉన్న ఆ చోటే పిల్లలకు బాగుంటుందనుకుని దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదడం వృథా, ఎంత గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువ, పక్కకు తప్పుకుంటే వదిలేస్తుంది. ఈత రానివాళ్ళు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డుమీద ఉన్నవాళ్ళు వెంట దూకకుండా తాడో, ఖాళీ క్యానో, ట్యూబో విసరాలి.

ఇన్ని లెక్కలు చూసుకుని వెళ్ళేంత స్వేచ్ఛ ఎవరికుంది అన్నది గట్టి అభ్యంతరమే. శివకాశిలో దీపావళి అమ్మకాలు ముగిశాక బాణసంచా కర్మాగారాలు కొన్నాళ్ళు మూస్తారు. ఆ కార్మికులకు దొరికే పొడవైన సెలవు అదే, సరిగ్గా ఈశాన్య వానల మధ్యలో. పప్పుల మండీల్లో, నూనె వ్యాపారంలో ఉన్న విరుదునగర్ కుటుంబాలకు పొంగల్ సెలవులు తప్ప అందరికీ కలిసొచ్చే రోజులు తక్కువ. గాలి మందగించే ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నిటికన్నా మేలైనవే, కాని అవి పరీక్షల నెలలు. నెలను మార్చుకోలేనివాళ్ళు ఒడ్డును మార్చుకోవాలి. ఒడ్డును ముందు చూడమనేది అందుకే. వేసవి సెలవుల్లో దక్షిణ తీరానికి బదులు దీవుల చాటున్న తీరానికో, రామనాథపురం దాటి పాక్ అఖాతం పక్కన సరుగుడు తోటల నీడలో ఉన్న అరియమాన్‌కో వెళ్ళవచ్చు. దీపావళి తర్వాతైతే అదే అరియమాన్‌ను పక్కనపెట్టి మన్నార్ వైపు చూడాలి, తుఫాను సూచన ఉంటే ఎటూ వెళ్ళకూడదు.

పూల్ ఉన్న రిసార్ట్ తీసుకుంటే ఈ గొడవే లేదు కదా అన్నది మరో మాట. పిల్లలు ఈత నేర్చుకోవడానికి పూల్ మంచిదే. కాని పూల్ కోసమైతే మదురైలోనో కుట్రాలం దారిలోనో తక్కువ ఖర్చుకు దొరుకుతుంది, సముద్రందాకా రావడం దేనికి? సముద్రం ఎదురుగా పెట్టుకుని పిల్లలను పూల్‌లోనే ఉంచగలిగిన తల్లిదండ్రులు అరుదు. సాయంత్రానికి అందరూ ఇసుకమీదే ఉంటారు. రిసార్ట్ కాపలాదారు బాధ్యత సాధారణంగా ఆ పూల్ గట్టుతో ఆగిపోతుంది. గది మాట్లాడుకునేటప్పుడే, బీచ్‌లో ప్రాణరక్షకులు ఉన్నారా, ఏ వేళల్లో ఉంటారు, జెండాలు పెడతారా అని అడగాలి. ‘మన బీచ్‌లో ఎప్పుడూ ఏమీ జరగలేదండీ’ అన్న జవాబు జవాబు కాదు.

నీరు తేలాక నీడ. ఇక్కడ ఖర్చు పెట్టడానికి వెనకాడనక్కర్లేదు, ఎందుకంటే శుభ్రమైన మరుగుదొడ్డి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటు, ఉప్పు కడుక్కోవడానికి మంచినీళ్ళు, పెద్దవాళ్ళు కూర్చునే నీడ, ఇవి విలాసాలు కావు. ఇవి లేక చాలామంది ఆడవాళ్ళు తడి చీరలతోనే వంద కిలోమీటర్లు తిరిగి వస్తారు, లేదా అసలు నీళ్ళలో దిగరు. డెన్మార్క్ కేంద్రంగా ఉన్న సంస్థ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపుకు 33 ప్రమాణాలు ఉన్నాయి. నీటి శుభ్రతతో పాటు మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు, చెత్త నిర్వహణ అన్నీ చూస్తారు. మన విశాఖ రుషికొండకు 2020లో, చెన్నై దగ్గరి కోవలంకు 2021లో అది దక్కింది. జెండా లేని తీరం చెడ్డదని కాదు, కాని ఆ ప్రమాణాలను ఏ బీచ్‌కైనా కొలబద్దగా పట్టుకోవచ్చు. రిసార్ట్ వాళ్ళు ‘ఇది మా ప్రైవేట్ బీచ్’ అంటే మాత్రం నమ్మాల్సిన పనిలేదు. 1956 నాటి చట్టం వల్ల తమ తీరాలకు తామే పరాయివాళ్ళమయ్యామని జమైకా ప్రజలు ఇప్పటికీ కోర్టుల్లో పోరాడుతున్నారు. మనకు ఆ పరిస్థితి లేదు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం రెండు బీచ్ హోటళ్ళ మధ్య ప్రజలు సముద్రానికి వెళ్ళడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలి. రిసార్ట్‌లో కట్టే డబ్బు కుర్చీకి, గొడుగుకి, భోజనానికే. ఆ సదుపాయాలు అక్కర్లేని కుటుంబం విరుదునగర్ పరోటాలు పొట్లం కట్టుకుని, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుశనగ చిక్కీ పట్టుకుని, ఆ దారినే దర్జాగా నడిచివెళ్ళి ఇసుకమీద దుప్పటి పరుచుకోవచ్చు.

ఈ ఎంపికలో మరో లెక్క కూడా ఉంది, అది ఒక్క రోజుకు తేలేది కాదు. తూత్తుకుడి తీరం నిమ్మళంగా ఉండటానికి పగడపు దిబ్బలు కారణమని పైన అనుకున్నాం. ఒకప్పుడు సున్నం కోసం ఆ దిబ్బలను తవ్వి అమ్మారు. తూత్తుకుడి దగ్గరి విలంగుచల్లి దీవి నీళ్ళలో మునిగిపోయింది. 1969లో 20 హెక్టార్లకు పైగా ఉన్న కారియచల్లి దీవి కరిగి కరిగి అందులో చిన్న ముక్కగా మిగిలింది, దాన్ని నిలబెట్టడానికి ఇప్పుడు చుట్టూ కృత్రిమ దిబ్బలు దించుతున్నారు. 2019 సెప్టెంబరులో పాంబన్ పరిసరాల్లో నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి సముద్రాన్ని ఆకుపచ్చగా మార్చి, నీటిలో ప్రాణవాయువు తగ్గించి, చేపల్ని, పగడాల్ని చంపింది. తూత్తుకుడిలో పగడపు ముక్కలు, గవ్వలు జ్ఞాపకంగా కొనమని ఎవరైనా చేతిలో పెడితే, పగడాన్ని వెనక్కి ఇచ్చేయాలి. వన్యప్రాణి చట్టం పులికిచ్చినంత రక్షణ దానికీ ఇచ్చింది. వచ్చే ఏడాది వేసవిలో పిల్లలు దిగబోయే నీళ్ళకు అలల దెబ్బ తగలకుండా కాస్తున్నది ఆ పగడమే.